ఒంటికి కుదిరిన తుపాకీ

రెడీమేడ్ చొక్కా ఎంత ఖరీదైనదైనా భుజాల దగ్గర కాస్త సర్దుకోవాల్సిందే. గురి చూసి కొట్టే రైఫిలూ అంతే! విడిభాగాలు తెచ్చి దాన్ని ఒంటికి తగ్గట్టు మలుచుకోవడం చాలా దేశాల్లో పెద్ద సరదా. ఆ సరదాకి మన దగ్గర మాత్రం ఓ గీత ఉంది. అదెక్కడుందో తెలిస్తే పిల్లలూ చిక్కుల్లో పడరు, పెద్దలూ కంగారు పడరు.

సంక్రాంతి వచ్చిందంటే కోనసీమలో తీర్థానికి వెళ్లని ఇల్లు ఉండదు. కనుమనాడు జగ్గన్నతోటలో ఏకాదశ రుద్రుల ప్రభలు కొలువుదీరే చోటైనా, ఆలమూరు చుట్టుపక్కల ఏ చిన్న ఊళ్లో గుడి ముందు సాయంత్రంపూట నాలుగు దుకాణాలు వెలిసే చోటైనా సరే... జీళ్లు, ఖర్జూరం, రంగులరాట్నం ఉన్నాయంటే పక్కన బుడగల కొట్టు ఉండి తీరాల్సిందే. అట్టకి వరసలుగా కట్టిన రంగురంగుల బుడగలు, ముందు బల్లమీద ఓ పాత ఎయిర్‌గన్, చిన్న డబ్బాలో గుళ్లు. ‘రండి బాబూ రండి... కొట్టండి’ అంటూ కొట్టువాడి కేకలు.

కొత్తవాడు వెళ్లి సరిగ్గా బుడగ మధ్యకి చూసి కొడతాడు. గుండు అట్టకి తగులుతుంది. మళ్లీ కొడతాడు. మళ్లీ అట్టకే. వెనక నిలబడ్డవాళ్లు నవ్వుతారు. ఆ గుంపులో ఎవరో ఒక మావయ్య మాత్రం నవ్వకుండా, గుళ్లు ఎక్కడ తగులుతున్నాయో చూస్తూ ఉంటాడు. చివరికి మేనల్లుడి చెవిలో మెల్లిగా చెబుతాడు... ‘ఒరేయ్, ఇది ఎడంపక్కకి లాగుతోందిరా. బుడగకి బెత్తెడు కుడిపక్కన చూసి కొట్టు!’

ఠప్! బుడగ పేలుతుంది.

ఆ మావయ్య ఏ రేంజికీ వెళ్లి ఉండడు. కానీ షూటింగ్‌లో మొదటి పాఠం ఆయనకి తెలుసు. గుండు పక్కకి పోతే ప్రతిసారీ తప్పు మనిషిదే కానక్కర్లేదు. తుపాకీలోనూ తేడా ఉండొచ్చు. బుడగల కొట్టులో ఆ తేడాకి తగ్గట్టు మనమే సర్దుకుంటాం. రెండో దారి ఇంకోటుంది. మనకి తగ్గట్టు తుపాకీనే సర్దుకోవడం. రైఫిల్ షూటింగ్‌ని సరదాగానో, ఆటగానో తీసుకున్నవాళ్లంతా చేసేది అదే.

పావు తులం గుండు

ఆ రైఫిళ్లలో అందరూ ముందుగా పట్టుకునేది ‘పాయింట్ టూటూ’. గొట్టం లోపలి వెడల్పు దాదాపు 5.6 మిల్లీమీటర్లు. ఈ రైఫిల్‌లో వాడే ‘లాంగ్ రైఫిల్’ తూటా అమెరికాలో 1887లో వచ్చింది. ఇప్పటికీ పెద్దగా మారలేదు. గుండు బరువు 2.6 గ్రాములు. అంటే సుమారు పావు తులం!

దీన్ని రిమ్‌ఫైర్ అంటారు. కారణం తూటా అడుగున ఉంటుంది. అగ్గిపుల్ల తలలో ఉండేలాంటి రాపిడి మందుని తూటా అడుగు అంచులో చుట్టూ నింపుతారు. ట్రిగ్గర్ నొక్కగానే పిన్ను వచ్చి ఆ అంచుని కొడుతుంది. నిప్పు పుడుతుంది. లోపలి మందు అంటుకుని గుండు బయటికి పోతుంది. చప్పుడు తక్కువ. భుజానికి దెబ్బ దాదాపు ఉండదు. తూటా ధర కూడా పెద్ద రైఫిళ్లవాటికంటే తక్కువ. కొత్తవాళ్లకి నేర్పడానికి ప్రపంచమంతా దీన్నే వాడటానికి కారణం ఇదే.

మన ఊళ్ల పిల్లలకి ఇది ఎక్కడ కనిపిస్తుంది? పోలీసుస్టేషన్‌లోనూ కాదు, సినిమాలోనూ కాదు. ఎన్‌సీసీలో. 1948 చట్టంతో మొదలైన ఎన్‌సీసీలో కేడెట్లు మొదట చేతబట్టేది పాయింట్ టూటూ రైఫిలే. క్యాంపులో బోర్లా పడుకుని, పాతిక గజాల దూరంలో ఉన్న కాగితం మీద ఐదు గుళ్లు కొడతారు. ఐదూ ఎంత దగ్గర దగ్గరగా పడితే అంత మంచి ‘గ్రూపింగ్’. మధ్యలో పడకపోయినా ఫర్వాలేదు, ఒక్కచోట పడాలి. ఒక్కచోట పడ్డాయంటే చెయ్యి నిలకడగా ఉన్నట్టు. మధ్యకి తేవడం తర్వాత సంగతి.

ఆలమూరులో ఇంటర్ తర్వాత డిగ్రీలో చేరి ఎన్‌సీసీ తీసుకున్న ఓ అమ్మాయి ఉందనుకుందాం. ఎత్తు ఐదడుగులకి ఓ అంగుళం తక్కువ. మొదటి క్యాంపులో ఆమె కొట్టిన ఐదు గుళ్లూ కాగితం మీద ఐదు దిక్కులకి పోయాయి. పక్కన ఆరడుగుల కుర్రాడు కొట్టినవి అగ్గిపెట్టె కింద దాక్కునేంత దగ్గరగా పడ్డాయి. ఇంటికొచ్చి ఆ పిల్ల ఏమనుకుంటుంది? ‘నాకు గురి లేదు’ అనుకుంటుంది. అక్కడితో ఆ కథ అయిపోతుంది.

చాలామంది కథ అలాగే అయిపోతుంది కూడా. ఆ రైఫిల్‌ని ఆమె ఒంటి కొలతలకి చేయలేదన్న మాట ఆమెకి ఎవరూ చెప్పరు మరి!

గెడ్డం కింద ఒక్క మిల్లీమీటరు

కొలతల సంగతి వినడానికి చిన్నదే. లెక్క వేస్తేనే తెలుస్తుంది.

రైఫిల్ వెనక భాగాన్ని స్టాక్ అంటారు. దాని చివర బట్. అది భుజానికి ఆనుతుంది. బట్ నుంచి ట్రిగ్గర్ దాకా ఉన్న దూరం చెయ్యి పొడవుకి సరిపోవాలి. ఎక్కువైతే వేలు ట్రిగ్గర్‌ని అందుకోవడానికి మెడ చాచాలి, భుజం ముందుకి తొయ్యాలి. అలా సాగదీసిన ఒళ్లు నిమిషానికల్లా వణకడం మొదలుపెడుతుంది. పెద్దవాళ్ల సైకిలుని అడ్డతొక్కుడు తొక్కే పిల్లాణ్ని చూడండి... సైకిలు కదులుతుంది, కానీ ఎంత అవస్థ!

రెండోది చెంప. స్టాక్ మీద చెంప ఆనించి, కంటిని గురి చూసే కన్నానికి సూటిగా తేవాలి. స్టాక్ ఆ మొహానికి ఎత్తు తక్కువైతే చెంప గాల్లో ఉంటుంది. ఒక్కో గుండుకి ఒక్కో ఎత్తులో తల నిలుస్తుంది. అందువల్ల ఏమవుతుంది? వెనక గురి, ముందు గురి మధ్య దూరం 60 సెంటీమీటర్లు అనుకుంటే, వాటి వరసలో ఒక్క మిల్లీమీటరు తేడా వస్తే చాలు, 50 మీటర్ల దూరాన గుండు 83 మిల్లీమీటర్లు పక్కకి పోతుంది. 50 మీటర్లంటే పొడుగాటి కొబ్బరిచెట్లు రెండిటిని ఒకదాని మీద ఒకటి నిలబెట్టినంత దూరం. అంత దూరంలో ఒలింపిక్ టార్గెట్ మీద పది పాయింట్లిచ్చే వలయం వెడల్పు 10.4 మిల్లీమీటర్లు. చొక్కా గుండీ అంత!

ఇప్పుడు ఆ అమ్మాయి కాగితాన్ని మళ్లీ చూడండి. ఐదు గుళ్లు ఐదు దిక్కులకి పోయింది చెయ్యి వణికి కాకపోవచ్చు. ఐదుసార్లు తల ఐదు ఎత్తుల్లో నిలిచి ఉండొచ్చు.

దీనికి మందు ఖరీదైనదే కానక్కర్లేదు. క్లబ్బుల్లో కోచ్‌లు స్టాక్ మీద పాత రబ్బరు చాప ముక్కని మడిచి టేపు చుడతారు. చెంప ఆనడానికి ఎత్తు వస్తుంది, పని అయ్యాక ఊడదీసేయొచ్చు. బట్ పొడవు తగ్గించలేకపోతే మందపాటి కోటు విప్పించి పలచటిది వేయిస్తారు. చేతికి చుట్టుకునే స్లింగ్ పట్టీని ఒక కన్నం దగ్గరికి లాగుతారు. ఎన్‌సీసీ రైఫిల్ ప్రభుత్వానిది కాబట్టి దాని ఒంటిమీద చెయ్యి వేయడానికి లేదు. అయినా మోచేతులు ఎక్కడ పెట్టాలి, పట్టీ ఎంత బిగించాలి అన్నవి మనిషి చేతిలోనే ఉన్నాయి. వీటికి ఒక్క రూపాయి కూడా ఖర్చు కాదు.

బుల్లెట్ బండి సరదాలాగే

అక్కడినుంచి మొదలైన సరదా కొన్ని దేశాల్లో ఎంత దూరం వెళ్లిందో చూస్తే ముక్కున వేలేసుకోవాల్సిందే.

రావులపాలెం సెంటర్లో నిలబడితే కుర్రాళ్ల బుల్లెట్ బండ్లు కనిపిస్తాయి. ఒకడు హ్యాండిల్ మార్చాడు, ఇంకొకడు సీటు మార్చాడు, మూడోవాడు సైలెన్సర్ మార్చి ఊరంతా తిట్లు తింటున్నాడు. కంపెనీ ఇచ్చిన బండి ఒకటి, బయట దొరికే విడిభాగాలతో తయారయ్యే బండి మరొకటి. తమాషా ఏంటంటే ఆ బండి పేరులోని ఎన్‌ఫీల్డ్ అసలు ఇంగ్లండ్‌లో తుపాకుల ఫ్యాక్టరీ ఉన్న ఊరు. బండ్ల కంపెనీ తొలినాళ్లలో ఆ ఫ్యాక్టరీకి విడిభాగాలు చేసిచ్చేది. దాని నినాదమే ‘మేడ్ లైక్ ఎ గన్’!

అమెరికాలో ఇదే సరదా పాయింట్ టూటూ రైఫిల్ చుట్టూ అల్లుకుంది. రూగర్ కంపెనీ 1964లో ‘టెన్ ట్వంటీటూ’ అనే రైఫిల్ తెచ్చింది. దాని బ్యారెల్‌ని పట్టి ఉంచేవి రెండు స్క్రూలు. అవి విప్పితే గొట్టం చేతిలోకి వస్తుంది. ఇంకేముంది... స్టాకులు, బ్యారెళ్లు, ట్రిగ్గర్లు, గురి అద్దాలు చేసే చిన్న కంపెనీలు పుట్టగొడుగుల్లా లేచాయి. చివరికి రూగర్ చేసిన ముక్క ఒక్కటీ లేకుండా మొత్తం ఆ తరహా రైఫిల్‌నే బయటి భాగాలతో కట్టుకునే స్థితి వచ్చింది. రైఫిల్ ధరకంటే దానికి తగిలించిన సరుకు ధర ఎక్కువైన ఇళ్లు అక్కడ బోలెడు. ఆదివారం పూట గ్యారేజీలో కూర్చుని స్క్రూలు బిగించుకోవడం, సాయంత్రం రేంజికి వెళ్లి ఖాళీ డబ్బాలు కొట్టి రావడం వాళ్లకి ఓ కాలక్షేపం.

ఆ కాలక్షేపం వీడియోలు ఇప్పుడు ఆలమూరులో అరుగు మీద కూర్చున్న కుర్రాడి ఫోన్‌లోకీ వస్తాయి. పార్టు పేరు కనిపిస్తుంది, ధర కనిపిస్తుంది, పక్కనే కొనమని బొత్తం కనిపిస్తుంది. జాగ్రత్త పడాల్సింది అక్కడే.

ఒంటికి తగిలేవి... నిప్పుకి తగిలేవి

రైఫిల్‌లో ముక్కలు చాలా ఉన్నా వాటిని రెండు కుప్పలుగా పోయొచ్చు. మనిషి ఒంటికి తగిలేవి ఒక కుప్ప. బట్, చెంప చెక్క, చేతిపట్టు, స్లింగ్, ముందు చెయ్యి ఆనే హ్యాండ్‌స్టాప్. నిప్పుకి తగిలేవి రెండో కుప్ప. తూటా కూర్చునే గది, దాన్ని మూసే బోల్టు, పిన్ను, గుండు పరుగెత్తే బ్యారెల్.

మొదటి కుప్పలో ఎంత మార్చినా తుపాకీ బలం వీసమెత్తు పెరగదు. మనిషికి కుదురుతుందంతే. రెండో కుప్పలో ఏది తేడా వచ్చినా నిప్పు దారి తప్పుతుంది. బోల్టు సరిగ్గా మూసుకోకపోతే తూటా అంచు చిట్లి వేడి గాలి వెనక్కి, అంటే కంటివైపుకే తన్నుకొస్తుంది. గురి చూసే కన్ను బోల్టుకి జానెడు దూరంలో ఉంటుందన్న సంగతి మర్చిపోకూడదు.

మన చట్టం గీసిన గీత కూడా దాదాపు ఈ రెండు కుప్పల మధ్యనుంచే వెళుతుంది. ఆయుధాల చట్టం 1959లో వచ్చింది. అందులో ఆయుధం అన్న మాటకిచ్చిన అర్థంలోనే దాని భాగాలూ ఉన్నాయి. అంటే పార్సిల్‌లో వచ్చేది ‘ఉత్త బ్యారెల్ ముక్కే కదా’ అని అనుకోవడానికి లేదు. చప్పుడు, మెరుపు తగ్గించే పరికరాలనూ ఆ చట్టం తుపాకీ కిందే లెక్కగట్టింది. తుపాకీ తయారుచేయాలన్నా, అమ్మాలన్నా, రిపేరు చేయాలన్నా, ఒక రకాన్ని ఇంకో రకంగా మార్చాలన్నా దానికి వేరే లైసెన్సు కావాలి. బ్యారెల్‌ని కోసి పొట్టి చేయడాన్ని చట్టం ప్రత్యేకంగా పేరుపెట్టి మరీ నిషేధించింది. రైఫిల్‌కి లైసెన్సు ఉంది కదా అని ఇంట్లో ఆకురాయి పట్టుకుని కూర్చుంటే కుదరదన్నమాట. ఆ పని లైసెన్సున్న ఆయుధాల దుకాణం మేస్త్రీది.

ఇక లైసెన్సు. 21 ఏళ్లు నిండాలి. జిల్లా అధికారుల దగ్గర దరఖాస్తు పెట్టాలి. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లా ఏర్పడ్డాక ఆలమూరు వాళ్లకి జిల్లా కేంద్రం అమలాపురం. పోలీసు విచారణ ఉంటుంది. ఆటగాళ్లకి, శిక్షణలో ఉన్న చిన్నవాళ్లకి వేరే నిబంధనలున్నాయి. క్లబ్బులో, శిక్షకుడి కళ్లముందు, క్లబ్బు రైఫిల్‌తో నేర్చుకోవచ్చు.

ఎయిర్ రైఫిల్ సంగతి కాస్త వేరు. ఇందులో నిప్పు లేదు, గాలే గుండుని తోస్తుంది. 2016 నిబంధనల ప్రకారం 4.5 మిల్లీమీటర్ల గుళ్లది, 20 జౌళ్ల శక్తి దాటనిది అయితే లైసెన్సు అక్కర్లేదు. ఒలింపిక్స్‌లో 10 మీటర్ల పోటీ దీనితోనే. స్టాక్ సర్దుబాట్లన్నీ దీనికీ ఉంటాయి. ఒంటికి కుదుర్చుకోవడం అంటే ఏమిటో నేర్చుకోవాలంటే ఇదే మంచి బడి. అలాగని తోటలో ఉడతల మీదా, కొంగల మీదా ఎక్కుపెడితే అది సరదా అనిపించుకోదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం అవుతుంది. ఉండేలు రోజులు పోయాయి మరి!

గుమ్మం మీద ట్రిగ్గర్

రెండు కుప్పల్లో దేనిలోనూ సరిగ్గా ఇమడని ముక్క ఒకటుంది. ట్రిగ్గర్. దాని ఒక కొస వేలికి తగులుతుంది, రెండో కొస నిప్పుని వదులుతుంది. ఇంటి గుమ్మం లాంటిది.

మామూలు రైఫిల్‌లో ట్రిగ్గర్ కదలడానికి కిలోల్లో బలం కావాలి. మూడు కిలోల రైఫిల్ మీద రెండు కిలోల లాగుడు వేస్తే రైఫిల్ కదలకుండా ఎలా ఉంటుంది? అందుకే పోటీ రైఫిళ్లలో ట్రిగ్గర్ బరువు వంద గ్రాముల చుట్టుపక్కలే ఉంటుంది. ఉల్లిపాయ బరువన్నమాట. కొత్తగా నేర్చుకున్న ప్రతివాడికీ ముందు దానిమీదే మనసు పోతుంది.

కానీ పోటీ రైఫిల్ ట్రిగ్గర్‌ని మొదటినుంచీ ఆ తేలికదనానికే చేస్తారు. మామూలు రైఫిల్‌లో స్ప్రింగు కత్తిరించో, కొక్కేన్ని అరగదీసో అదే తేలికదనం తెస్తే కొక్కెం పట్టు వదులవుతుంది. రైఫిల్ బల్లకి తగిలినా, చేతిలోంచి జారినా వేలు పెట్టకుండానే పేలొచ్చు. గుమ్మం దాటేముందు మేస్త్రీని పిలవాల్సింది ఇందుకే. ఇంకో సంగతి... తూటా లేకుండా ‘టిక్ టిక్’మని నొక్కి ఆడుకోవడం కూడా మంచిది కాదు. రిమ్‌ఫైర్‌లో పిన్ను కొట్టేది అంచుని కదా. తూటా లేనప్పుడు కొన్ని రైఫిళ్లలో అది నేరుగా గది అంచుకే తగిలి ఇనుముని సొట్ట పెడుతుంది.

ఒకే మనిషి... మూడు కొలతలు

ఒంటికి కుదుర్చుకోవడం ఎంత పెద్ద విద్యో తెలియాలంటే 2024 ఆగస్టు 1న పారిస్‌లో జరిగింది చూడాలి. 50 మీటర్ల రైఫిల్ మూడు భంగిమల పోటీలో స్వప్నిల్ కుసాలే కంచు పతకం గెలిచాడు. 451.4 పాయింట్లు. ఆ పోటీలో భారత్‌కి అదే తొలి ఒలింపిక్ పతకం. స్వప్నిల్‌ది కొల్హాపూర్ జిల్లాలోని కంబల్‌వాడి అనే పల్లెటూరు. అప్పటికి రైల్వేలో టికెట్ కలెక్టర్. చేతిలో ఉన్నది ఇదే పాయింట్ టూటూ రిమ్‌ఫైర్.

ఆ పోటీలో మోకాలి మీద, బోర్లా పడుకుని, నిలబడి... ఇలా మూడు రకాలుగా కొట్టాలి. కూర్చున్న మెడ వేరు, పడుకున్న మెడ వేరు, నిలబడ్డ మెడ వేరు. అందుకే ఒక భంగిమ అయ్యాక షూటర్లు పోటీ మధ్యలోనే రైఫిల్ మీద పని మొదలుపెడతారు. చెంప చెక్క పైకి లేపుతారు, బట్ కొక్కెం మారుస్తారు, హ్యాండ్‌స్టాప్ జరుపుతారు. గడియారం నడుస్తూనే ఉంటుంది. ఏ స్క్రూ ఎన్ని గీతలు తిప్పాలో ముందే పుస్తకంలో రాసుకుంటారు. ఒకే మనిషికి, ఒకే రోజున, ఒకే రైఫిల్‌ని మూడు కొలతలకి మార్చాల్సి వస్తుంటే... ఊరందరి పిల్లలకీ కలిపి ఒకే కొలత రైఫిల్ ఎలా కుదురుతుంది!

అంతర్జాతీయ నిబంధనలూ ఈ మార్పులకి చోటిచ్చాయి, హద్దూ పెట్టాయి. 50 మీటర్ల రైఫిల్ బరువు 8 కిలోలు దాటకూడదు. టెలిస్కోపు పెట్టకూడదు. వెనక సన్నటి కన్నం, ముందు చిన్న వలయం. ఆ రెండిటి మధ్య నల్లటి చుక్క. అంతే.

మన హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కంచు గెలిచాడు. 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో బోర్లా పడుకుని కొట్టే 50 మీటర్ల పోటీలో రజతం తెచ్చాడు. అది రిమ్‌ఫైరే. కొడుకు రైఫిల్ కోసం తల్లిదండ్రులు ఇంటి స్థలం అమ్మేశారని అప్పట్లో పత్రికల్లో వచ్చింది. చదివినవాళ్లంతా ఆ త్యాగానికి కళ్లు తుడుచుకున్నారు. ఆ కబురు వెనక ఇంకో నిజం ఉంది. జర్మనీలో 1856 నుంచీ తుపాకులు చేస్తున్న అన్‌షూట్జ్ లాంటి కంపెనీల పోటీ రైఫిల్ కొనాలంటే లక్షలు కావాలి. ఆ ధరలో చాలా భాగం కొలతలు సర్దుకునే సౌకర్యానికి కూడా. ఒంటికి కుదిరిన తుపాకీ డబ్బున్న పిల్లలకి మొదటిరోజే దొరుకుతుంది. లేని పిల్లలు తమకి గురి లేదనుకుని మొదటి క్యాంపులోనే వెనక్కి వచ్చేస్తారు. చెంప చెక్క, బట్ పలకలు ఉన్న క్లబ్బు రైఫిల్ ఒక్కటున్నా ఆ తేడా సగం తగ్గుతుంది. ఊరి లైబ్రరీలో ఒక నిఘంటువు ఉన్నట్టు!

తుపాకీకీ జిహ్వ ఉంటుంది

విడిభాగాల మీద డబ్బు పోసేముందు అనుభవజ్ఞులు చెప్పే మాట ఒకటుంది. ‘ముందు తూటా మార్చి చూడు.’

పాయింట్ టూటూ రైఫిళ్లకి విచిత్రమైన రుచి ఉంటుంది. ఒక రైఫిల్ ఇంగ్లండ్ వారి ఈలీ తూటాలతో చక్కగా కొడుతుంది. అదే కంపెనీ, అదే మోడల్ ఇంకో రైఫిల్‌కి ఫిన్లండ్ వారి లాపువా తూటాలు నచ్చుతాయి. అంతెందుకు, ఒకే పేరు, ఒకే ధర ఉన్న తూటాల్లోనే ఈ నెల తయారీకీ, వచ్చే నెల తయారీకీ తేడా వస్తుంది. అందుకే పెద్ద షూటర్లు రైఫిల్‌ని తూటాల కంపెనీకే తీసుకెళ్లి, రకరకాల ‘లాట్’లు కొట్టి చూసి, నచ్చినదాన్నే కొని దాచుకుంటారు. పోటీ తూటాలు శబ్దవేగంకంటే నెమ్మదిగా వెళతాయన్నది ఇంకో వింత. వేగం ఎక్కువైతే దారిలో శబ్దవేగం దగ్గరికి దిగేటప్పుడు గుండు తొట్రుపడుతుంది. నెమ్మదిగా వెళ్లిందే సూటిగా వెళుతుంది.

మన గోదారి గాలికి ఇంకో చిక్కు. వానాకాలం వస్తే తలుపులు బిగుసుకుపోవడం కోనసీమలో ప్రతి ఇంటికీ తెలిసిందే. చెక్క స్టాకూ అంతే. తేమకి ఉబ్బి లోపలి ఇనుముని పక్కకి నొక్కుతుంది. నిన్న మధ్యలో పడ్డ గుండు ఇవాళ పక్కన పడుతుంది. పోటీ రైఫిళ్లకి అల్యూమినియం స్టాకులు రావడానికి ఇదీ ఓ కారణం. అంత స్తోమత లేకపోతే నూనెగుడ్డతో ఇనుముని తుడవడం, తడి తగలని చోట పెట్టడం... మన పెద్దలు కొడవళ్లకీ, కత్తిపీటలకీ చేసినట్టే.

మైలు దూరం

ఇంత చెప్పుకున్నాక ఓ ప్రశ్న మిగులుతుంది. కొన్నారు, కుదుర్చుకున్నారు. కొట్టేదెక్కడ?

పావు తులం గుండు చూడ్డానికి చిన్నదే. కానీ తలెత్తి కొడితే మైలు దూరం దాకా పోతుంది. జొన్నాడ నుంచి చూస్తే మైలు దూరంలో ఏముంటుంది? తోట, తోటలో ఇల్లు, ఇంటి వెనక కాలవ, కాలవ గట్టున బడి. కోనసీమలో ఊరికీ ఊరికీ మధ్య ఖాళీ ఉండదు. గోదారిలోకి కొడితే ఎవరికి నష్టం అనుకోవద్దు. పలచటి రాయిని ఏటవాలుగా విసిరితే నీళ్లమీద ఎలా గెంతుతుందో, గుండూ అలాగే గెంతి అవతలి లంకలోకి పోతుంది. వెనక మట్టికట్ట, ఇరువైపులా గోడలు ఉన్న రేంజిలో తప్ప దీన్ని పేల్చే చోటు మన దగ్గర లేదు.

అలాంటి రేంజి కోసం ఆలమూరు పిల్లలు ఊరు దాటాల్సిందే. ఎన్‌సీసీ క్యాంపు ఒక దారి. రాజమండ్రిలో రైలెక్కి నాలుగొందల కిలోమీటర్ల పైన ప్రయాణం చేసి హైదరాబాద్ వెళ్లడం ఇంకో దారి. గచ్చిబౌలిలో సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలో షూటింగ్ రేంజి ఉంది. 1951లో పుట్టిన జాతీయ రైఫిల్ సంఘం కింద రాష్ట్రాల సంఘాలు, వాటి కింద క్లబ్బులు ఉన్నాయి. జాతీయ పోటీల ముందు మెట్టుగా, ఆ సంఘం తొలి అధ్యక్షుడు మావలంకర్ పేరుమీద పోటీలు జరుగుతాయి.

ఆ అమ్మాయి ఇంటికొచ్చి ‘నాన్నా, రైఫిల్ షూటింగ్ నేర్చుకుంటా’ అందనుకోండి. ‘ఎంతవుద్దమ్మా?’ అన్నది నాన్న మొదటి ప్రశ్న. తప్పేం లేదు. కానీ దానికంటే ముందు అడగాల్సినవి మూడున్నాయి. ఎవరి కళ్లముందు కొడతావు? తూటాలూ రైఫిలూ రాత్రిపూట ఎవరి తాళంలో ఉంటాయి? అది నీ ఒంటికి కుదిరిందా? మొదటి రెండిటికీ సరైన జవాబు రాకపోతే ఎంత డబ్బున్నా వద్దనాలి. మూడోదానికి జవాబు రాకపోతే మాత్రం పిల్ల చేతిని తప్పుపట్టకూడదు.

పల్లెటూరి పిల్లలకి ఓ అలవాటుంది. ఇచ్చిన వస్తువు కుదరకపోతే లోపం తమదే అనుకుంటారు. బూటు కరిస్తే కాలు వంకర అనుకుంటారు. బల్ల ఎత్తైతే తామే పొట్టి అనుకుంటారు. మాస్టారు ఏమనుకుంటారోనని నోరు మెదపరు. రేంజికి వెళ్లిన మొదటిరోజు ఆ అమ్మాయికి జర్మనీ రైఫిలూ అక్కర్లేదు, పార్సిల్‌లో వచ్చే పార్టులూ అక్కర్లేదు. కాస్త ధైర్యం చేసి, ‘సార్, ఈ బట్ నాకు పొడుగైందండి’ అనగలిగితే చాలు.